పురుడు పుట్టింట్లో అయితే తండ్రికి పనేముంటుంది?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. నేను ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, నా భార్య ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తుంది. మాకిది మొదటి కాన్పు. ఇప్పుడు ఏడో నెల, 28 వారాలు దాటాయి. ఈ నెలలోనే సీమంతం చేసి తాడేపల్లిగూడెం దగ్గర వాళ్ల ఊరికి తీసుకెళ్తామని అత్తగారివాళ్లు అంటున్నారు. ఎనిమిదో నెలలో ప్రయాణం పనికిరాదట. తనేమో ఇంకొన్నాళ్లు ఉద్యోగం చేసి సెలవు మిగుల్చుకుంటానంటోంది. మంచి ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించేద్దామని మా అమ్మ అంటోంది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. కొబ్బరికాయ కొట్టకు, శవం వెంట వెళ్లకు, ఇల్లు కట్టడం మొదలుపెట్టకు అని చేయకూడనివే చెబుతున్నారు. చెకప్‌కి బండి నడపడం, బిల్లు కట్టడం తప్ప నా వల్ల ఉపయోగమేంటో తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్‌లో ఏవేవో చదివి ఇంకా భయపడుతున్నాను. తనకు చెబితే టెన్షన్ పడుతుందని చెప్పడం లేదు. ఈ రెండున్నర నెలలు నేనేం చేయాలి? కాన్పు గదిలోకి నన్ను రానిస్తారా?

సమాధానం:

తమ్ముడూ, మీ బాధ నాకు కొత్త కాదు. నేను ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. లోపల భార్య నొప్పులు పడుతుంటే వరండాలో ఎటు చూడాలో తెలియక నిలబడిపోయే భర్తల్ని రోజూ చూసేదాన్ని. వాళ్లకు ప్రేమ లేక కాదు, వాళ్ల చేతికి ఎవరూ పని ఇవ్వలేదు. మందులు తెమ్మంటే పరిగెత్తేవాళ్లు, రక్తం కావాలంటే ముందుకొచ్చేవాళ్లు. మన ఇళ్లలో కాబోయే తండ్రికి చేయకూడనివి చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు, చేయాల్సినవి చెప్పే మనిషి ఒక్కరూ ఉండరు. పురుడు ఆడవాళ్ల వ్యవహారమని, మొదటి పురుడైతే పుట్టింటివాళ్ల బాధ్యతని మగవాణ్ని గుమ్మం బయటే ఉంచేస్తారు. మీరు అక్కడే ఉండిపోనక్కర్లేదు. చేయాల్సిన పని చాలా ఉంది, అందులో కొంత ఈ వారమే మొదలుపెట్టాలి.

ముందు ప్రయాణం సంగతి తేల్చండి. దానికంటే ముందు మీ భార్యను ఒక మాట అడగండి: పురుడు ఎక్కడ పోసుకోవాలనుంది? అమ్మ దగ్గరా, ఇక్కడే తనకు అలవాటైన డాక్టర్ దగ్గరా? మీ ఉత్తరంలో అత్తగారివాళ్ల మాట ఉంది, అమ్మగారి మాట ఉంది, కానీ ఈ విషయంలో ఆమె మనసులో ఏముందో లేదు. అమ్మ దగ్గరికే వెళ్తానంటే సంతోషంగా పంపండి, పురిటి రోజుల్లో కన్నతల్లి పక్కనుంటే ఆ ధైర్యమే వేరు. ఇక్కడే ఉంటానంటే మీ అత్తగారే వచ్చి మూడు నెలలు ఉండేలా మాట్లాడండి. ఈ రోజుల్లో చాలా ఇళ్లలో అలాగే చేస్తున్నారు.

ఆమె అమ్మ దగ్గరికే వెళ్లాలనుకుంటోందని అనుకుందాం. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదు అని పెద్దవాళ్లలో ఒక నమ్మకం ఉంది, ఈ ప్రయాణం భయం కూడా అక్కడి నుంచే వస్తుంది. అది నిజం కాదు. కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డకు బలమే. బీపీ, రక్తస్రావం, మాయ కిందికి ఉండటం లాంటి ఇబ్బందులేవీ లేకపోతే, డాక్టర్ సరేనంటే ఎనిమిదో నెలలోనూ రైల్లో వెళ్లొచ్చు. అయితే పెద్దవాళ్ల మాట పూర్తిగా తీసేయకుండానే మీ పని జరిగే దారి ఒకటుంది. సీమంతం ఈ నెలలోనే హైదరాబాద్‌లో చేయించండి. ప్రయాణం తొమ్మిదో నెల పడగానే పెట్టుకోండి, అంటే సుమారు 35వ వారం. బేసి నెలలోనే పంపాలన్న పెద్దవాళ్ల మాటా నిలుస్తుంది, ఆమె సెలవూ మిగులుతుంది.

సెలవు లెక్క కాగితం మీద వేసుకోండి, ఇది మీ వృత్తికి దగ్గర పనే. 2017లో వచ్చిన చట్ట సవరణ నుంచి మొదటి ఇద్దరు పిల్లల వరకు తల్లికి జీతంతో కూడిన సెలవు 26 వారాలు. అందులో కాన్పుకు ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు. 32వ వారంలోనే సెలవు పెట్టేస్తే బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల చిల్లర. 35లో పెడితే 21 వారాలు మిగులుతాయి. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. కాబట్టి ఆ మూడు వారాల తేడా చిన్నది కాదు. మీ భార్య చెబుతున్నదాంట్లో న్యాయం ఉందని అత్తామామలకు మీరు చెప్పండి. అదే మాట కూతురు చెబితే మొండితనమంటారు, అల్లుడు చెబితే కూర్చుని వింటారు. మన దగ్గర అల్లుడి మాటకు ఉన్న ఆ బరువును ఇలాంటి చోట వాడాలి. నడుము నొప్పి, బీపీ, మరేదైనా వచ్చి ఆమెకు ఓపిక లేకపోతే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టేయండి.

ఈ లోపు ఒక శనివారం రాత్రి రైలెక్కి మీరొక్కరే గూడెం వెళ్లి రండి. వాళ్లు అనుకుంటున్న ఆస్పత్రి చూడండి. రాత్రి రెండు గంటలకు ఆపరేషన్ కావాలంటే మత్తు డాక్టర్ అందుబాటులో ఉంటారా? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? బిడ్డ పుట్టగానే చూడటానికి పిల్లల డాక్టర్ ఉంటారా? పసిబిడ్డను ఐసీయూలో పెట్టాల్సి వస్తే ఏలూరు పంపుతారా, రాజమహేంద్రవరమా? ప్యాకేజీలో ఏమేం కలిసి ఉన్నాయి, ఏవి విడిగా కట్టాలి? పిల్లల ఐసీయూ ఖర్చు చాలాచోట్ల ప్యాకేజీలో ఉండదు, అడిగితేనే చెబుతారు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటే ఆ ఆస్పత్రిలో నగదు కట్టకుండా చెల్లుతుందో లేదో, కాన్పుకు పరిమితి ఎంతో, బిడ్డ పేరు ఎన్ని రోజుల్లో పాలసీలో చేర్పించాలో మీ హెచ్‌ఆర్‌ను అడగండి. ఊరి నుంచి ఆస్పత్రికి అర్ధరాత్రి ఏ బండిలో వెళ్తారో కూడా ఖాయం చేసి రండి. 108 ఎలాగూ ఉంది, అయినా పక్కింటి కారు డ్రైవర్ నంబరు కూడా మామగారి దగ్గర ఉండాలి. గూడెం వెళ్లాక మొదటి వారంలోనే ఆమెను ఆ డాక్టర్‌కు చూపించాలి. నొప్పులతో మొదటిసారి గడప తొక్కిన మనిషికి, ముందే చూసిన మనిషికి డాక్టర్ దగ్గర చాలా తేడా ఉంటుంది.

ఆమె ఫైల్ ఇక నుంచి మీ బాధ్యత. తారీఖుల వారీగా కాగితాలన్నీ పెట్టి, ప్రతిదీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఒక కాపీ మామగారికి పంపండి. ఈ సాయంత్రమే అందులో చూడాల్సినవి కొన్ని చెబుతాను. ఆమె బ్లడ్ గ్రూపు నెగటివా? నెగటివ్ అయి మీది పాజిటివ్ అయితే 28 వారాల దగ్గర యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ పాజిటివ్‌గా పుడితే 72 గంటల్లోపు మళ్లీ ఇవ్వాలి. మీ గ్రూపు మీకు కచ్చితంగా తెలియకపోతే రేపే పరీక్ష చేయించుకోండి. 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్ష అయిందా? హిమోగ్లోబిన్ ఎంత? గర్భిణికి 11 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, ఇప్పుడు సరిచేసుకోవడానికి టైముంది, నెలలు నిండాక ఉండదు. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ టీకాలు పూర్తయ్యాయా?

ఇక రోజువారీ జీవితం. మీరు ఉపయోగపడేది ఎక్కువగా ఇక్కడే. ఐరన్ మాత్ర చాలామంది ఆడవాళ్లు మానేస్తారు. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం చూసి భయపడతారు. నల్లగా రావడం మామూలే అని చెప్పండి. ఆ మాత్ర వేసుకున్నాక గంటసేపైనా కాఫీ, టీ, పాలు వద్దు. కాల్షియం మాత్ర అదే పూట వేయకూడదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని విడగొట్టి, వాటి బాధ్యత మీరు తీసుకోండి. ‘వేసుకున్నావా?’ అని ఆఫీసు నుంచి ఫోన్ చేయడం కాదు నేను చెప్పేది. మాత్ర, నిమ్మరసం గ్లాసు మీ చేత్తో అందించండి. నిమ్మరసంతో ఐరన్ బాగా వంటబడుతుంది.

వంట నేర్చుకోండి. ఏదో ఒక ఆదివారం బిర్యానీ చేసి మురిపించడం కాదు. ముద్దపప్పు, చారు, ఒక ఆకుకూర, గుడ్డు, ఉప్మా, ఇడ్లీ పిండి. పొద్దున టిఫిన్ మీది అని ఈ రోజు నుంచే ఖాయం చేసుకోండి. బిడ్డ పుట్టాక హైదరాబాద్ వచ్చినప్పుడు ఆమెకు ఆకలేసేది అర్ధరాత్రి, తెల్లవారుజామున. ఇప్పుడు చేయి తిరిగితేనే అప్పుడు పనికొస్తుంది. ఈ నెలల్లో ఆమె ఒకేసారి ఎక్కువ తినలేదు, గుండెల్లో మంట వస్తుంది. కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టాలి. బ్యాంకుకు తీసుకెళ్లే డబ్బాలో మధ్యాహ్నం భోజనంతో పాటు వేరుసెనగలో, పండో, మజ్జిగో పెట్టి పంపండి.

రాత్రిపూట పిక్కలు పట్టేసి ఆమె కేక పెడితే కంగారు పడకండి. కాలు చాపించి పాదం వేళ్లను మోకాలి వైపు మెల్లగా వంచి పట్టుకోండి, కాసేపట్లో వదులుతుంది. పక్కకు, ముఖ్యంగా ఎడమవైపు తిరిగి పడుకోవడం మంచిది. నడుము వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టండి. బాత్రూమ్ నేల తడి లేకుండా చూడటం, దారిలో చిన్న లైటు, గ్యాస్ బండ, నీళ్ల క్యాన్, బట్టల బకెట్ మీరే మోయడం, ఇవన్నీ చెప్పించుకోకుండా జరిగిపోవాలి. ఆమె ప్రతిసారీ అడగాల్సి వస్తే ఆ పని గుర్తుపెట్టుకునే బరువు ఆమె మీదే ఉన్నట్టు. మీకు సిగరెట్ అలవాటుంటే, బాల్కనీలోకి వెళ్లి తాగడం కాదు, మానేయాలి. ఆ పొగ కడుపులో బిడ్డకూ చేరుతుంది, పుట్టాక ఊపిరితిత్తులకూ చేరుతుంది.

రాత్రి భోజనాలయ్యాక ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. 28 వారాలు దాటాయి కాబట్టి బిడ్డ కదలికలు గమనించే సమయం ఇది. ఆమె ఎడమవైపు పడుకున్నాక మీ చెయ్యి పొట్ట మీద ఉంచి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి, మామూలుగా అంతకంటే ముందే వచ్చేస్తాయి. రోజూ కదిలే బిడ్డ కదలిక తగ్గిందని ఆమెకు అనిపిస్తే రేపు చూద్దామనుకోవద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. అలాగే రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పి విపరీతంగా ఉన్నా, కళ్లు మసకబారినా, ముఖం చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా, జ్వరమొచ్చినా ఆగకండి. బీపీ 140/90 దాటితే తేలిగ్గా తీసుకోకూడదు. ఈ గుర్తులు మీ అత్తామామలకు కూడా చెప్పండి. గూడెంలో ఆమె పక్కన ఉండేది వాళ్లే. ‘నెలలు నిండాయి కదా, కాళ్లు చేతులు ఉబ్బుతాయిలే’ అని సర్దుకుపోయే ఇళ్లలో బీపీ ఫిట్స్ దాకా వెళ్లిన కేసులు మా వార్డుకు వచ్చేవి.

మీ భయం గురించి. అది తప్పు కాదు, బలహీనత అసలే కాదు. కానీ రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో వెతికితే కనిపించేవన్నీ వికటించిన కాన్పులే. సవ్యంగా జరిగిన కాన్పు గురించి ఎవరు రాస్తారు? ఆ చదువు ఈ రోజుతో ఆపేయండి. వచ్చిన ప్రశ్న ఒక పుస్తకంలో రాసుకుని తర్వాతి చెకప్‌లో డాక్టర్‌ను అడగండి, భర్త అడిగితే విసుక్కోరు. భార్యకు చెప్పకుండా దాచడం మాత్రం నాకు నచ్చలేదు. మీరు నిద్రపోవడం లేదని పక్కనే పడుకునే మనిషికి తెలియదా? మీరు మాట్లాడకపోతే తన మీద విసుగేమో అనుకుంటుంది. ఆస్పత్రి ఖర్చు గురించో, ఆపరేషన్ గురించో, ఒక్క భయం పైకి చెప్పండి. ఆమె కూడా తనది చెబుతుంది. ఏడాది రెండేళ్ల క్రితం తండ్రయిన స్నేహితుడు ఎవరైనా ఉంటే అతన్ని కలిసి మాట్లాడండి. నిద్ర లేకపోవడం, దిగులు వారాల తరబడి వదలకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అమ్మగారి ముహూర్తం మాట. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆపరేషన్ కాన్పులు 21.5 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. ఇంత తేడా మన ఆడవాళ్ల ఒంట్లో లేదు. ఆస్పత్రుల వ్యాపారం, నొప్పులంటే భయం, ముహూర్తాల పిచ్చి, అన్నీ కలిసి ఇక్కడికి తెచ్చాయి. 39 వారాలు నిండకుండా, అవసరం లేకుండా కోసి తీసిన బిడ్డకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది వచ్చే ప్రమాదం ఎక్కువ. తల్లికి కుట్లు, తర్వాతి కాన్పుకూ చిక్కులు. అమ్మతో గొడవ పడకండి. ‘బిడ్డ తన ముహూర్తంలో తనే వస్తుందమ్మా, ఏ టైముకు పుడితే ఆ టైముకు జాతకం రాయిద్దాం’ అనండి. ఈ మాట చెప్పాల్సింది మీరు, మీ భార్య కాదు. అత్తగారికి ఎదురు చెప్పే పరిస్థితి ఆమెకు రానివ్వకండి. మరో వైపు, కాన్పు మధ్యలో బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోతోందనో, దారి చాలడం లేదనో డాక్టర్ ఆపరేషన్ అంటే క్షణం ఆలస్యం చేయకుండా సంతకం పెట్టండి. ఆ కత్తి ప్రాణాలు నిలబెడుతుంది. ఎందుకు అవసరమో ఒక్క వాక్యంలో అడగడం మీ హక్కు, అంతవరకే. ‘పొట్ట ఇలా ఉంది, మగపిల్లాడే’ లాంటి మాటల్ని కూడా మీ ముందే ఆపించండి. 1994 నాటి చట్టం ప్రకారం పుట్టకముందు ఆడా మగా అని స్కానింగ్‌లో అడగడమూ చెప్పడమూ నేరం.

కాన్పు గదిలోకి రానిస్తారా అని అడిగారు. నొప్పుల సమయంలో తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన కేంద్ర ప్రభుత్వమూ తోడు మనిషిని అనుమతించమంటోంది. అయితే ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఒకే హాల్లో చాలామంది ఉంటారు కాబట్టి ఎక్కువగా ఆడమనిషినే రానిస్తారు. హైదరాబాద్ పెద్ద ఆస్పత్రుల్లో భర్తల్ని రానిస్తున్నారు. చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో అది డాక్టర్‌ను బట్టి ఉంటుంది. గూడెం వెళ్లినప్పుడు ఇదీ అడిగి రండి. మీ భార్యకు మీరుండటం ఇష్టమో, వాళ్ల అమ్మ ఉండటం ఇష్టమో కూడా అడగండి. ఆమె అమ్మ పేరు చెబితే చిన్నబుచ్చుకోకండి.

రానిస్తే ఏం చేయాలో చెబుతాను. మొదటి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడతాయి. ముందు వచ్చిపోయేవి దొంగనొప్పులు కావచ్చు, అటూ ఇటూ తిరిగితే తగ్గిపోతాయి. అసలు నొప్పులు క్రమంగా దగ్గరవుతాయి. ఐదు నిమిషాలకోసారి వస్తూ గంటసేపు అలాగే ఉంటే బయల్దేరాలి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా బయల్దేరాలి. గదిలో నడుము కింది భాగాన్ని అరచేత్తో గట్టిగా ఒత్తి రుద్దండి, నొప్పి వచ్చినప్పుడు అది చాలా ఊరటనిస్తుంది. డాక్టర్ ఒప్పుకుంటే గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టండి, నడిపించండి. ‘ఓర్చుకో’ అనకండి, ఓర్చుకుంటూనే ఉంది. ‘ఇది తగ్గిపోతోంది, ఊపిరి వదులు’ అనండి. ఆమె కసిరితే పట్టించుకోకండి. వీడియోలు తీయకండి, బయట చుట్టాలకు నిమిషానికోసారి మెసేజ్‌లు పెట్టకండి.

బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆపరేషన్ అయినా వీలైనంత త్వరగా. మీరు గట్టిగా నిలబడాల్సిన చోటు ఇది. గది నిండా పెద్దవాళ్లుంటారు. ఒకరు నాలుక మీద తేనె రాద్దామంటారు, ఒకరు ఆముదం, మరొకరు గాడిద పాలు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను, కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం, మిగతావీ అక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు పాలు చుక్కలుగానే వస్తాయి, బిడ్డ కడుపు కూడా అంత చిన్నదే. బరువు కాస్త తగ్గడం మామూలు, రెండు వారాల్లో తిరిగి వస్తుంది. ‘పాలు చాలడం లేదు, డబ్బా పాలు తెప్పించు బాబూ’ అని మిమ్మల్నే పంపుతారు. మీరు కదలకండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగుతూ, ఐదారు రోజులు నిండాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. తల్లికి రొమ్ము పట్టించడం రాకపోతే నర్సును పిలవండి. డాక్టరే ఏదైనా రాసిస్తే అది వేరు.

అన్ని ఆచారాలతోనూ పోట్లాడక్కర్లేదు. బాలింత చెవిలో దూది, వేడినీళ్ల స్నానం, బిడ్డ అరికాలి మీద దిష్టిచుక్క, వీటిని కాదనకండి. బిడ్డ కళ్లలో కాటుక, ముక్కులో చెవుల్లో నూనె, బొడ్డు మీద పసుపు, సాంబ్రాణి పొగ మాత్రం వద్దనండి. బాలింతకు నీళ్లు తక్కువ తాగించి, కూరల్లేకుండా కారప్పొడి అన్నం పెట్టే పథ్యం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పాలిచ్చే తల్లికి నీళ్లూ కూరలూ పప్పూ అన్నీ కావాలి. బిడ్డ ఒళ్లు మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, తర్వాత పచ్చదనం అరచేతులు అరికాళ్ల దాకా పాకినా ఎండలో పెడుతూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఇక అల్లుడిగారి మర్యాద. గూడెంలో మీకు కుర్చీ వేస్తారు, పూతరేకులు పెడతారు, పురుటి గదిలోకి మాత్రం రానివ్వరు. మైల అంటారు, పదకొండో రోజు దాకా బిడ్డను ముట్టుకోవద్దనే ఇళ్లూ ఉన్నాయి. దీన్ని ఇప్పుడే, మీ భార్య ద్వారా కాకుండా మీరే అత్తగారితో మాట్లాడండి. ‘అత్తయ్యగారూ, బిడ్డను ఎత్తుకోవడం, గుడ్డలు మార్చడం, స్నానం చేయించడం మీ దగ్గరే నేర్చుకుందామనుకుంటున్నాను’ అంటే కాదనే అత్తగారు అరుదు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, ఉచ్చ గుడ్డ మార్చడం, చొక్కా విప్పి ఛాతీ మీద బిడ్డను వెచ్చగా పడుకోబెట్టుకోవడం, ఇవన్నీ తండ్రి చేయగలిగినవే. తల్లికి ఆపరేషన్ అయి లేవలేని గంటల్లో ఆ వెచ్చదనం ఇవ్వాల్సింది మీరే. పుట్టకముందు కొత్తబట్టలు కొనకూడదని వాళ్ల పట్టింపు ఉంటే సరే, మెత్తబడిన పాత నూలు చీరలు చించి, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి ఉంచండి. పసిబిడ్డకు వాటికంటే మంచివి దుకాణంలో దొరకవు.

కాన్పయ్యాక ఆమె మొదటి వారం కారణం లేకుండా ఏడవచ్చు. రెండు వారాల్లో అది సర్దుకోవాలి. సర్దుకోకపోతే, బిడ్డను చూడాలనిపించడం లేదన్నా, బతకాలని లేదన్నా అది పొగరు కాదు, గాలి సోకడం కాదు, జబ్బు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మీరు హైదరాబాద్‌లో ఉంటే రోజూ ఫోన్‌లో బిడ్డ గురించి అడిగే ముందు ఆమె గురించి అడగండి. ‘రాత్రి ఎంతసేపు పడుకున్నావు?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది.

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, అదీ పుట్టిన ఊళ్లోనే. కాబట్టి కాగితం గూడెం నుంచే వస్తుంది. 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకు బడికీ, పాస్‌పోర్టుకీ, ఆధార్‌కీ పుట్టిన తేదీకి ఆ ధ్రువపత్రమే ఆధారం. ఆస్పత్రివాళ్లు రాసుకునేటప్పుడే మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో దగ్గరుండి చూడండి. బిడ్డ పేరు అప్పటికి తేలకపోయినా ఫర్వాలేదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

మీ సెలవు సంగతి చివరికి ఉంచాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటులో అలాంటి చట్టం లేదు, కంపెనీ ఎంత ఇస్తే అంతే. అందుకే ఉన్న రోజులన్నీ కాన్పు వారంలోనే ఖర్చు పెట్టేయకండి. అప్పుడు అక్కడ చేసేవాళ్లు చాలామంది ఉంటారు. కాన్పుకు నాలుగైదు రోజులు, బారసాలకు ఒకటి రెండు రోజులు ఉంచుకుని, మిగతావన్నీ తల్లీబిడ్డా కూకట్‌పల్లి వచ్చే వారానికి దాచండి. ఆ వారం ఇంట్లో అమ్మమ్మ ఉండదు, పనిమనిషి కొత్తగా ఉంటుంది, బిడ్డకు చోటు కొత్త, రాత్రి నిద్ర ఎవరికీ ఉండదు. మీ భార్య మళ్లీ బ్యాంకుకు వెళ్లే వారానికి కూడా రెండు మూడు రోజులు మిగిలేలా చూసుకోండి. మార్చి నెలాఖరులో, ఆడిట్ రోజుల్లో మీ ఆఫీసులో సెలవు దొరకడం కష్టం కదా, అందుకే ఈ తేదీలు సుమారుగానైనా సరే మీ మేనేజర్‌కు ఈ నెలలోనే ఈమెయిల్‌లో రాసి ఇవ్వండి.